గురుడి మీద దుమ్ము

వాట్సాప్‌లో రాసిన ఒక్క వాక్యం ఇంత దూరం పోతుందని పర్సిస్ అనుకోలేదు. గురువారం సాయంత్రం, మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఉండి ఎమ్మెస్ చదువుకుంటున్న దేదీప్య, తన చిన్న టెలిస్కోప్‌తో గురుగ్రహాన్ని ఫొటో తీసి తెలుగువాళ్ళ ఖగోళం గ్రూప్‌లో పెట్టింది. గ్రహం దక్షిణ భాగంలో ఒక నల్లటి మచ్చ. ఏదో వచ్చి గురుడిని గుద్దుకుందేమోనని ఆ పిల్ల ఆశ. దాదాపు అదే సమయానికి నార్త్ కరొలైనాలోని కేరీలో పర్సిస్ తన పెద్ద టెలిస్కోప్‌తో తీసిన ఫొటోలో ఆ చోటంతా శుభ్రంగా ఉంది. "కెమెరా సెన్సర్ మీద దుమ్ము అయ్యుంటుందమ్మా, ఒకసారి చూసుకో" అని రాసింది పర్సిస్. అంతే రాసింది.

మిగతాది గ్రూప్ పెద్ద, ఫ్రీమాంట్‌లో ఉండే తేజేశ్వర్ గారు చూసుకున్నాడు. ఈ కాలం పిల్లలకు పేరు కావాలి తప్ప ఓపిక లేదన్నాడు. పర్సిస్ ఫొటో పక్కన దేదీప్య ఫొటో పెట్టి ఎర్రటి సున్నాలు చుట్టాడు. దేదీప్య సారీ చెప్పి, ఫొటో తీసేసి, గ్రూప్‌లోంచి వెళ్ళిపోయింది. ఆయన అక్కడితోనైనా ఆగాడా అంటే లేదు. ఆ మచ్చ ఫొటో చూసి దేదీప్యకి ఫాల్ సెమిస్టర్ నుంచి క్యాంపస్ అబ్జర్వేటరీలో అసిస్టెంట్‌షిప్ ఇస్తానన్న ప్రొఫెసర్‌ని వెతికి పట్టుకుని, ఆయనకి కూడా పర్సిస్ ఫొటో మెయిల్ చేశాడు. సోమవారం పొద్దున వచ్చి కనబడమని ప్రొఫెసర్ ఆ పిల్లకి కబురు పెట్టాడు.

మళ్ళీ ఒకసారి చూసి తేల్చుకుందామంటే గురువారం నుంచీ అటూ ఇటూ మబ్బులే. పైగా మే నెలాఖరు. గురుడు పడమట దిగిపోతున్నాడు, చాలామంది టెలిస్కోపులకి ముసుగులేసి లోపల పెట్టేశారు.

ఆదివారం మధ్యాహ్నం కేరీలో తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధన అయింది. అమెరికన్ చర్చి వాళ్ళ దగ్గర అద్దెకు తీసుకున్న హాల్లో, ఆ రోజు ఆనందబాబు గారి పెళ్ళి ముప్పయ్యేళ్ళ కృతజ్ఞత కూడిక కూడా. బిర్యానీ ట్రేల వెనక గోడంతా బ్యానర్. బ్యానర్ మీద ఆనందబాబు గారూ, ఆయన భార్య మణీ నిలువెత్తున నవ్వుతున్నారు. బ్యానర్ చేసింది పర్సిస్ భర్త నోయెల్. వారమంతా ఐటీ ఉద్యోగం, ఆదివారం చర్చి మీడియా టీము. పాటల స్లయిడ్ల నుంచి బాప్తిస్మం ఫొటోల దాకా అన్నీ అతని చేతి మీదే నడుస్తాయి.

"నోయెల్ బాబూ, ఇట్రా ఒకసారి" అని పిలిచింది మణి. పిలుపులో పండగ లేదు. "మా ఆయన పుట్టుమచ్చేది?"

"ఏ మచ్చ ఆంటీ?"

"ముప్పయ్యేళ్ళ నుంచి నేను చూస్తున్న మచ్చ. ఎడమ చెంప మీద, కందిగింజంత. ఆరడుగుల బ్యానర్ వేశావు, మనిషిని దించేశావు, బానే ఉంది. మచ్చెక్కడ పెట్టావు?"

"పోనీలే మణీ, పదేళ్ళు తగ్గినట్టున్నాను" అన్నాడు ఆనందబాబు గారు చెంప తడుముకుంటూ.

"మీరూరుకోండి. పెళ్ళిచూపులకి మీ అన్నదమ్ములు ముగ్గురూ ఒక్కలాగే దువ్వుకుని వచ్చారు. ఏ అబ్బాయే అని మా అమ్మ అడిగితే మచ్చున్న అబ్బాయి అని చెప్పాను. ఇప్పుడీ బ్యానర్ మీద నా పక్కనున్నది మీ తమ్ముడేమో, నాకేం తెలుసు?"

చుట్టూ అందరూ నవ్వారు. నోయెల్ కూడా నవ్వాడు. "క్లీన్ చేశాను ఆంటీ. నా చేతికి ఏ ఫొటో వచ్చినా ముందు మచ్చలూ మరకలూ తీసేస్తాను. అలవాటైపోయింది. బ్రష్‌తో ఒక్క క్లిక్ కొడితే చుట్టూ ఉన్న రంగే వచ్చి కప్పేస్తుంది. చెయ్యి దానంతట అదే వెళ్ళిపోతుంది."

"అడగక్కర్లేదా?"

"అడిగితే ఎవరు ఒప్పుకుంటారాంటీ?"

మళ్ళీ నవ్వులు. పర్సిస్ మాత్రం నవ్వలేదు. చేతిలో బిర్యానీ ప్లేటు పట్టుకుని నిలబడిపోయింది. మణి ఇంకా ఏదో అంటోంది గానీ ఆమెకి వినబడటం లేదు.

"ఏ ఫొటో వచ్చినానా?" అంది.

"ఆఁ, ఏదైనా" అన్నాడు నోయెల్ ధీమాగా. ఆ తర్వాత భార్య ముఖం చూశాడు. ధీమా దిగింది.

"కార్లోకి పద."

"కేక్ కట్ చేయించాలి పర్సీ, వీడియో ప్లే చేయాలి..."

"పద నోయెల్."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గ్రహాన్ని ఫొటో తీయడమంటే చెట్టునో పిల్లాడినో తీసినట్టు కాదు. మధ్యలో ఉన్న గాలి కదులుతూ ఉంటుంది కాబట్టి బింబం తెర మీద ఉడుకుతున్నట్టు కనిపిస్తుంది. అందుకని వీడియో తీస్తారు. వేల ఫ్రేముల్లోంచి గాలి కాస్త నిలబడినప్పటివి ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకే బొమ్మ చేసి, దానికి పదును పెడతారు. అప్పుడు గానీ వివరాలు బయటపడవు. ఆ ఇంట్లో వీడియో తీయడం పర్సిస్ పని. చీకటి పడే వేళకి పెరట్లో టెలిస్కోప్ పెట్టుకుని, దోమలతోనూ పక్కింటి కారు లైట్లతోనూ యుద్ధం చేస్తూ తీస్తుంది. గురువారం కూడా మొదటి క్లిప్‌ని ఆ కారే పాడుచేసిందని తిట్టుకుంటూ తర్వాతివి తీసింది. ఏరడం, పేర్చడం, పదును పెట్టడం నోయెల్ పని. వంట ఒకరిది, గిన్నెలు ఒకరివి అన్నట్టు చాలాకాలంగా సాగిపోతోంది.

కారు పార్కింగ్ లాట్ దాటకముందే పర్సిస్ మొదలుపెట్టింది.

"గురువారం తీసిన జూపిటర్‌లో మచ్చ ఉందా లేదా?"

"చిన్నదేదో ఉంది. దుమ్మనుకున్నాను."

"దుమ్మని నీకెవరు చెప్పారు?"

"నువ్వే! పోయిన నెల కెమెరాలో దుమ్ముంది, తుడవాలి అన్నావా లేదా?"

"కెమెరాని తుడవమన్నాను నోయెల్! గ్రహాన్ని కాదు!"

నోయెల్ సిగ్నల్ దగ్గర బ్రేక్ కాస్త గట్టిగానే తొక్కాడు. "నాకెలా తెలుస్తుంది? దక్షిణం వైపు నల్లగా ఉంది, బాలేదు, తీసేశాను. నువ్వు చూసి ‘బావుంది, పెట్టెయ్’ అన్నావు."

"తెలుసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. గాలికి గ్రహం వణుకుతుంది. దుమ్ము సెన్సర్ మీద ఉంటుంది కాబట్టి వణకదు. వీడియోలు ఆడించి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. సరే, ఇంటికెళ్ళి అదే పని చేద్దాం."

సిగ్నల్ పచ్చబడినా బండి కదల్లేదు. వెనక కారువాడు హారన్ కొట్టాడు. కేరీలో హారన్ కొట్టారంటే అవతలివాడు ఎంత విసిగిపోయి ఉండాలో.

"వీడియోలు లేవు" అన్నాడు చివరికి.

"లేవంటే?"

"డిలీట్ చేశాను. ఆనందబాబు అంకుల్ వాళ్ళ పెళ్ళి వీడియో ఎడిట్ చేయాలిగా. డిస్క్ నిండిపోయింది. ఫైనల్ ఎలాగూ ఉంది కదా అని..."

"పేర్చిన బొమ్మ? నువ్వు బ్రష్ పెట్టకముందుది?"

"దాని మీదే సేవ్ చేశాను."

పర్సిస్ కళ్ళు మూసుకుంది. మందుల కంపెనీలో ఆమె ఉద్యోగమే అది. ట్రయల్స్ డేటాలో ఎవరైనా ఒక్క అంకె దిద్దినా, అసలు రికార్డు పారేసినా పట్టుకోవడం. వందల మైళ్ళ అవతల ఏ ఆసుపత్రిలోనో కొట్టేసి రాసిన గీతని పట్టుకునే మనిషి, తన డైనింగ్ టేబుల్ మీద జరిగినదాన్ని పట్టుకోలేకపోయింది. ఏడుపు రావలసింది. కోపమే వచ్చింది.

"మా ఆఫీసులో ఈ పని చేసినవాణ్ణి సెక్యూరిటీ వాళ్ళొచ్చి బయటికి నడిపించుకుపోతారు, తెలుసా?"

"నేను మీ ఆఫీసులో లేను. ఇంట్లో ఉన్నాను" అన్నాడు నోయెల్. ఇప్పుడు అతనికీ కోపం వచ్చింది. "ఒక్కరోజైనా నేను ప్రాసెసింగ్ చేస్తుంటే పక్కన కూర్చున్నావా? అయిందా, అయిందా అని కిచెన్లోంచి అరుస్తావు. నేను చేసింది నీ పేరుతో పెడతావు. లైకులు నీకు. ఇప్పుడు తప్పొచ్చేసరికి నాది."

అది నిజమే. నిజం కాబట్టే పర్సిస్‌కి ఇంకా మండింది. కారు గరాజ్‌లో ఆగీ ఆగకముందే తలుపు తీసుకుని దిగింది.

లోపలికి వెళ్ళగానే ఆమె దేదీప్యకి ఫోన్ చేసింది. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తింది.

"చెప్పండక్కా." గొంతు బొంగురుగా ఉంది.

పర్సిస్ స్పీకర్ ఆన్ చేసి ఫోన్ టేబుల్ మీద పెట్టింది. నోయెల్ కూడా వినాల్సిందే. "దేదీప్యా, ఒకటి చెప్పాలి నీకు. నువ్వు కెమెరా..."

"చూసినక్కా. మీరు మెసేజ్ పెట్టినంక వెంటనే విప్పి చూసిన. దుమ్మేం కనబడలే. కానీ మీరన్నరు కదా, నాకే కనబడతలేదేమో అని బట్టతోని తుడిచిన. సెన్సర్ మీద గీత పడ్డది. ఇప్పుడు ఏది తీసినా నడుమల గీతే వస్తున్నది." కాస్త ఆగింది. "పర్వాలేదులేండక్కా. మీరు మంచికే చెప్పిన్రు."

పర్సిస్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ పర్వాలేదు అన్న మాట కన్నా రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

"నా ఫొటోలో కూడా మచ్చ ఉంది దేదీప్యా. మా ఇంట్లోనే దాన్ని తుడిచేశారు. నాకు ఇందాకే తెలిసింది."

"నేనేనమ్మా" అన్నాడు నోయెల్ ముందుకు వంగి. "నేను నోయెల్‌ని. దుమ్మనుకుని ఎడిట్ చేసేశాను. సారీ."

"అంటే..." దేదీప్య గొంతు సన్నబడింది. "నిజంగనే ఉందా అక్కా అది?"

"ఉంది."

"నాకు పిచ్చి లేసిందేమో అనుకున్నక్కా. కండ్లతోని చూసినదాన్ని అందరూ లేదంటుంటే..." ముక్కు చీదుకుంది. "మీ రా వీడియో, ఎడిట్ చెయ్యనిది, ఉంటది కదా? అది ఒక్కటి పంపుతే చాలు. నాది సిగ్గుకి మొత్తం డిలీట్ కొట్టిన."

నోయెల్ నేలచూపులు చూశాడు. పర్సిస్ అతని వైపు చూడలేదు, చూస్తే ఏమంటుందో ఆమెకే భయం వేసింది. పొద్దున్నే ప్రొఫెసర్ ముందు ఆ పిల్ల నిలబడాలి. పర్సిస్ దగ్గర ఉన్నదల్లా, మచ్చ ఉండేది గానీ మా ఆయన చెరిపేశాడు అన్న మాట. ఆ మాటకి ఏ ప్రొఫెసర్ నవ్వకుండా ఉంటాడు? తేజేశ్వర్ గారైతే ఎర్రటి సున్నా ఆ మాట చుట్టూ కూడా చుడతాడు.

"వీడియోలు లేవమ్మా. అవి కూడా..." అంటూ ఆగిపోయింది.

ఒకటి ఉంది.

పెరట్లో వాడే చిన్న లాప్‌టాప్‌లో, కారు లైట్లు పడి పాడైన మొదటి క్లిప్ ఉంది. ఎందుకూ పనికిరాదని నోయెల్‌కి ఇవ్వనే లేదు. ‘చెత్త’ అని పేరుపెట్టుకున్న ఫోల్డర్‌లోకి తోసి మర్చిపోయింది.

"లాప్‌టాప్ తే" అంది. నోయెల్ పరుగెత్తాడు. దేదీప్యని లైన్లోనే ఉండమంది.

క్లిప్ మొదలైంది. తెర మధ్యలో బూడిదరంగు గురుడు వణుకుతున్నాడు. ఇంకా పూర్తిగా చీకటి పడని ఆకాశం. దక్షిణ భాగంలో మచ్చ ఉందా అని పర్సిస్ కళ్ళు చిట్లించి చూసింది. లేదు. పేర్చకముందు ఒక్కొక్క ఫ్రేములో గ్రహం మీది చారలే లీలగా కనబడతాయి, మచ్చేం కనబడుతుంది? అయినా చూస్తూనే ఉంది. చివరికొచ్చేసరికి తెర మీద వెలుగు పడింది.

"ఇదిగో, వెధవ కారు" అంది. ఉన్న ఒక్క ఆశా పోయింది. లాప్‌టాప్ మూయబోయింది.

నోయెల్ చెయ్యి అడ్డుపెట్టాడు. "ఆగు. వెనక్కి తిప్పు."

"ఇంకా ఏం తుడుస్తావు?"

"తిప్పు పర్సీ. కారు లైటు పడితే ఫ్రేమంతా తెల్లబడాలి కదా? ముందు ఒక్కచోటే తెల్లబడింది."

వెనక్కి తిప్పి, మెల్లగా ఒక్కొక్క ఫ్రేమే ముందుకు నడిపాడు. గురుడి దక్షిణ భాగంలో ఒక చిన్న చుక్క. అది పెద్దదైంది, గ్రహంలో అన్నిటికన్నా తెల్లగా వెలిగింది. గాలికి గ్రహం ఎటు వణికితే అదీ అటే వణికింది. మెల్లగా ఆరిపోయింది. అది పూర్తిగా ఆరిన తర్వాతే పక్కింటి కారు మలుపు తిరిగి, ఫ్రేమంతా తెల్లగా కడిగేసింది.

ఇద్దరూ మళ్ళీ చూశారు. మూడోసారి కూడా చూశారు. దేదీప్య ఫొటోలో మచ్చ ఏ చార పక్కన ఉందో, సరిగ్గా ఆ చార పక్కనే.

గురువారం ఆ వెలుగు తన కళ్ళ ముందే వెలిగింది. పర్సిస్‌కి గుర్తుంది. తెర మీద ఏదో మెరిసింది, మరుక్షణం కారు చప్పుడైంది, రెంటినీ కలిపి ఆ పక్కింటాయన్ని తిట్టుకుంది. నోయెల్ మచ్చని తుడిచాడని పార్కింగ్ లాట్ నుంచి ఇంటిదాకా అరిచింది కదా, తాను ఆ మచ్చ పుట్టుకనే చెత్తలో పారేసింది. ఒక పసిదాన్ని దుమ్ము చూసుకోమని పంపింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"నోయెల్" అంది.

"ఊఁ."

"కాపీ చెయ్యి. రెండు చోట్ల. దేన్నీ ముట్టుకోకుండా."

"ముట్టుకోను" అన్నాడు నోయెల్ చేతులు పైకెత్తి.

పర్సిస్ ఫోన్ వైపు వంగింది. "దేదీప్యా, ఉన్నావా? విను. నీ మచ్చ పుట్టడం నా దగ్గర రికార్డయింది. ఏదో వచ్చి గుద్దింది. గుద్దినప్పటి వెలుగు ఉంది, నీకన్నా ముందు తీసిన క్లిప్‌లో. నువ్వు చూసింది నిజం. ఇప్పుడే నీకు పంపిస్తాను. తేజేశ్వర్ గారికీ పంపిస్తాను, గ్రూప్‌లో నా పేరుతోనే తప్పు నాదని రాస్తాను. రేపు నువ్వు ప్రొఫెసర్ దగ్గరికి తల ఎత్తుకుని వెళ్ళు. కావాలంటే నేను వీడియో కాల్‌లో ఉంటాను. సరేనా?"

ఏడుపు వినిపించింది. సంతోషంతో ఏడుస్తోందనుకుని పర్సిస్ మొహం కాస్త తేటపడింది. కానీ ఆ ఏడుపు ఆగడం లేదు, పెరుగుతోంది.

"ఏంటమ్మా? ఏమైంది?"

"గంట కింద తేజేశ్వర్ సార్ ఫోన్ చేసిండక్కా."

"ఎందుకు?"

"దుమ్ము దొరికిందా అని అడిగిండు. లేదన్న. దుమ్ము లేకపోతే, పర్సిస్ గారి ఫొటోల మచ్చ లేకపోతే, నీ దాంట్లకి ఎట్ల వచ్చిందమ్మా అన్నడు. నా దగ్గర ఏం జవాబుందక్కా? రేపు వాళ్ళు పట్టుకునేకన్నా నువ్వే ఒప్పుకుంటే చిన్నపిల్ల అని వదిలేస్తరు, వీసా మీదకి రాదు అన్నడు. నాకు భయమైంది."

"ఏం చేశావు దేదీప్యా?"

"ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టినక్కా. ఆ మచ్చ నేనే పెయింట్ చేసి పెట్టిన అని రాసిన."

నోయెల్ చేతిలోని మౌస్ ఆగిపోయింది. తెర మీద గురుడి దక్షిణాన ఆ తెల్లటి వెలుగు అలాగే నిలిచి ఉంది. ఫోన్లో అవతలి నుంచి టింగుమని చిన్న చప్పుడైంది.

"ఆగుండ్రక్కా" అంది దేదీప్య. "రిప్లై వచ్చింది."